పేరు జారే వేళ

ఇంకా గంట ఉంది, ఈ గంటలో నేను చేయాల్సింది ఏమీ మిగల్లేదు, నా ఒళ్ళు మండిస్తున్నది అదే. చేతిలో పనంటూ ఉంటే నాతో పోటీకి నిలిచేవాళ్ళు ఈ బోయొలాలిలో లేరు, సెమరాంగ్‌లో లేరు, జకార్తాలో ఉన్నామని కొందరు అనుకుంటారు, అనుకోనీ. ఎక్కడో సముద్రాల అవతల, ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల, అంటే వెబ్‌సైట్ల చిరునామాల, లెక్క చూసే పెద్ద ఆఫీసుకు వీలైనంత దగ్గర్లో, నేను అద్దెకు తీసుకున్న కంప్యూటర్ ఒకటి కాచుకుని ఉంది. మాకు ఉదయం ఏడు కొట్టేసరికి అక్కడి లెక్కలో తారీకు మారుతుంది. అప్పుడది ఖాళీయా, ఖాళీయా, ఖాళీయా అని అడగడం మొదలుపెడుతుంది, రెప్ప వేసి తీసేలోగా వందసార్లు, అవునని జవాబు రావడమే ఆలస్యం, నాది అనేస్తుంది. నేను మాత్రం ఈ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, గ్లాసులో కాఫీ మడ్డి అడుక్కు దిగేదాకా ఆగాలి. ఆగడం నాకు చేతకాదు. అది మా నాన్న విద్య. ఆయన పశువుల సంతలో దళారీ, తనకు కావాల్సిన ఆవు వంక కన్నెత్తి కూడా చూసేవాడు కాదు, దాని పక్క ఆవు దగ్గరికి వెళ్ళి, పళ్ళు చూసి, పొదుగు నొక్కి, బేరమాడి, పెదవి విరిచి, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, ఇది దండగ గానీ ఆ పక్కదాన్ని ఎంతకిస్తావు అనేవాడు, ఆ పక్కదే ఆయనకు కావాల్సింది. సంతంతా ఆయన్ను పాము అనేది, నేను ఆ పాము కూతురిని, నాకేం సిగ్గులేదు.

లోపల అమ్మ సోయా గింజల తెంపె ముక్కలు వేయిస్తోంది, నూనె చిటపటలకు మధ్య తన మాట కూడా వేయించి వదుల్తుంది, పోయినవాళ్ళ పేర్లు ఏరుకుని బతికే పిల్లను కన్నాను తల్లీ అని పక్కింటి వాళ్ళతో అంటుంది, అదే నోటితో ఈ ఇంటి పైకప్పు ఎవరి సంపాదనని అడిగితే మా పలూపిది అంటుంది. ఏరుకోవడమా? ఏరుకుంటే దొరికేవి రోడ్డు మీది రాలిన మామిడిపిందెలు. గడువు తీరిన మంచి పేరును పట్టడమంటే ఎగిరే పిచ్చుకను గింజ వేయకుండా, వల వేయకుండా, దాని వైపు చూడకుండా పట్టడం. చూస్తే చెడింది. ఆ పేరు ఎవరిదని ఒక్కసారి వెతికామా, అది తెరుచుకుంటుందేమోనని ఒక్కసారి తట్టామా, ఆ తట్టిన చప్పుడు లెక్కపెట్టేవాళ్ళు ఎక్కడో ఉంటారు, తలుపు మూసి ఉన్నా సరే ఎంతమంది తట్టారన్నదే వాళ్ళకు సరుకు. అందుకే నేను కావాల్సిన పేరును నోటితో పలకను, ఫోన్‌లో రాయను, కలలో వస్తే కూడా మొహం తిప్పుకుంటాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే నియమం.

పాత సినిమాహాలు పేరొకటి పట్టాను, నాలుగక్షరాల పేరొకటి పట్టాను, దాని కోసం సింగపూర్ నుంచి లాయరొకాయన టై కట్టుకుని ఈ వరండాలోకే వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుని అమ్మ పెట్టిన వేరుశెనగ పచ్చడి అన్నం తిన్నాడు, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ బేరమాడాడు, ఓడిపోయాడు. నాకు మీసం లేదు గానీ ఉంటే ఆ రోజు మెలేసి ఉండేదాన్ని. అందరూ అనుకుంటారు పొట్టి పేరు, అందమైన పేరు ఖరీదైనదని. కాదు. పేరుకు ఖరీదు దాని వైపు వేలు చూపించినవాళ్ళను బట్టి. ఒక పేరును పత్రికలు చూపించాయా, కాలేజీలు చూపించాయా, పదిమంది పెద్దమనుషులు ఇదిగో ఇక్కడ నిజం దొరుకుతుందని ఏళ్ళ తరబడి రాసి పెట్టారా, అదీ ఖరీదు, మాటకున్న పరువు. ఆ పరువు మనిషి పోయినా పేరుకు అంటుకుని ఉంటుంది, ఇంకా ఒకటి రెండేళ్ళు వెచ్చగా. ఆ వెచ్చదనం కోసమే జూదగాళ్ళు తిరుగుతారు. మంత్రసానుల సంఘం పేరొకటి గడువు దాటితే పొద్దున్నకల్లా దాని మీద తిరిగే చక్రాలూ బంగారు నాణాలూ, ఆడండి గెలవండి అనీ. ప్రసవం గురించి తెలుసుకుందామని వేలు పెట్టిన పిల్ల వెళ్ళి జూదంలో పడుతుంది. అలాంటివాళ్ళకు నేను ఎప్పుడూ అమ్మలేదు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే, చెబుతున్నాను.

పేర్లు ఒక్కసారిగా పోవు, ఇది చాలామందికి తెలియదు. పేరును ఎవరూ కొనరు, ఏటికేడు అద్దెకే తీసుకుంటారు. గడువు దాటితే మొదట పేజీ ఆరిపోతుంది, అయినా నెలా నెలన్నర దాకా సొంతదారు వచ్చి మామూలు అద్దె కట్టి తీసుకుపోవచ్చు, ఆ తర్వాత నెల రోజులు పెద్ద జరిమానా కట్టాలి, ఆ తర్వాత ముద్ర పడుతుంది, అయిదు రోజులు, అప్పుడిక కట్టినవాడైనా కన్నవాడైనా ముట్టుకోలేడు, ఆ అయిదూ గడిచాక ఒక్క క్షణం అది లోకంలో ఎవరిదీ కాకుండా గాల్లో ఉంటుంది. మేం పోయినవాళ్ళకు మూడో నాడు, ఏడో నాడు, నలభయ్యో నాడు, నూరో నాడు ఇరుగుపొరుగును పిలిచి అన్నం పెట్టి ప్రార్థన చేయిస్తాం కదా, మెట్టు మెట్టుకూ నిలబడి సాగనంపుతాం, పేరు కూడా అలాగే మెట్లు దిగుతుంది, కాకపోతే దానికి ఎవరూ అన్నం పెట్టరు. ఈ పోలిక నాకు నార్యోగారు పోకముందు తట్టలేదు.

నార్యోగారు. పాలవ్యాను హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది, పైన కొండవాలు ఊళ్ళ నుంచి దిగొచ్చే వ్యాను, అదే దారిలో ప్రతి మలుపు దగ్గరా పచ్చ రంగు బోర్డు ఉంటుంది, తప్పించుకునే దారి ఇటు అని బాణం గుర్తు, కింద పెద్ద తెల్ల అక్షరాల్లో ఒక పేరు, సువార లెరెంగ్, కొండవాలు గొంతు. ఆ పేరు ఇంటర్నెట్‌లో కొడితే కొండ ఇవాళ ఎలా ఉందో తెలుస్తుంది, పొగ ఎటు వీస్తోంది, ఏ వాగులో బూడిద నీళ్ళు దిగుతున్నాయి, ఏ బడిలో తలదాచుకోవచ్చు. నడిపింది శాస్త్రవేత్తలు కాదు, పాలు పితికేవాళ్ళు, పొగాకు వేసేవాళ్ళు, చేతిలో వాకీటాకీ పెట్టుకుని, మొదలుపెట్టినవాడు నార్యోగారు. మా అగ్నిపర్వతం మెరాపి పెద్దగా పేలిన ఏడాది మా అద్దాల మీద, అన్నం మీద, ఆవుల కనురెప్పల మీద బూడిదే, టీవీవాళ్ళు ఒకటి చెబితే ఆఫీసువాళ్ళు ఒకటి చెప్పేవాళ్ళు, మా ఊళ్ళవాళ్ళంతా మాత్రం ఆ పేరు తెరిచి చూసి గొడ్డూ గోదా తోలుకుని దిగారు. నేను కూడా దాన్ని చూసే పైవాలులోని మా పిన్నిని దింపాను. ప్రపంచంలో ఎన్ని పత్రికలు, ఎన్ని కాలేజీలు ఆ పేరు వైపు వేలు చూపించాయో నాకు అంకెలతో సహా తెలుసు, నా వృత్తే అది, ఆ వేళ్ళను చూసి నాకు గర్వం వచ్చేది, మా పాలవాళ్ళ వైపు ఇంతమంది చూస్తున్నారని. ఇప్పుడు అదే గర్వం నా పీక పట్టుకుంది, ఎందుకంటే అన్ని వేళ్ళున్న పేరును జూదగాడు వదలడు.

ముద్ర పడ్డ మర్నాడు వచ్చాడు మర్సుది, నార్యోగారి తర్వాత ఆ వాకీటాకీ వాళ్ళకు పెద్ద అయినాయన, సీసా నిండా పాలు పట్టుకుని, బాతిక్ చొక్కా వేసుకుని. బాతిక్ వేసుకున్నాడంటేనే ఏదో అడగడానికి వచ్చాడన్నమాట. కూర్చున్నాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు. వాన గురించి చెప్పాడు. ఎర్ర ఆవు ఈనిందన్నాడు, పెయ్యదూడ అన్నాడు, దాని నుదుటి మీద చుక్క గురించి చెప్పాడు, గడ్డి గురించి చెప్పాడు, మళ్ళీ వాన దగ్గరికి వచ్చాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఆ మనిషి నా ముందు గంటసేపు ముంత దాచాడు. చివరికి నేనే అన్నాను.

"పా మర్సుదీ, మీరు వచ్చిన పని చెప్పండి. ఆవు ఈనింది, సంతోషం."

"ఏం లేదు నక్, బిడ్డా... మన పేజీ... కొంచెం తెరుచుకోవడం లేదు."

"ఎప్పటి నుంచి కొంచెం తెరుచుకోవడం లేదు?"

ఆయన సీసా మూత తిప్పుతూ నేల చూశాడు. "నార్యో పోయిన మూడు వారాలకు ఆరిపోయింది. గుర్తుచేసే కబుర్లన్నీ ఆయన ఈమెయిల్‌కే వస్తాయట. పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన భార్య బు లస్మిని అడగాలి కదా. ఇంట్లో ఇంకా ఏడుపు ఆరలేదు, అప్పుడే వెళ్ళి మీ ఆయన తాళాలేవి అంటే ఏం బాగుంటుంది. నలభయ్యో నాడు వెళ్ళాం, అడగలేకపోయాం. సరే, నూరో నాటి భోజనాలయ్యాక అడుగుదాం అనుకున్నాం."

"అయ్యాయా భోజనాలు?"

"నిన్న అయ్యాయి. బాగా జరిగాయి."

బాగా జరిగాయి! అవి జరుగుతుండగానే ముద్ర పడింది. రెండు రోజుల ముందు వచ్చి ఉంటే జరిమానా మొహాన కొట్టి తెచ్చుకునేవాళ్ళం. నాకు అరవాలనిపించింది, అరవలేదు, మా వాళ్ళతో అరిస్తే వాళ్ళు చిరునవ్వు నవ్వి అవును అవును అంటారు, గోడకు చెప్పుకోవడం నయం. ఈ మొహమాటం మాకు పాలల్లో కలిపి పట్టిస్తారు. అవతలివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదు, అడిగి చిన్నబుచ్చకూడదు, ఇల్లు కాలుతున్నా పక్కింటివాడి తలుపు మెల్లగా తట్టాలి. కొండ పేలినప్పుడు మాత్రం వాకీటాకీలో గొంతు చించుకుని అరిచినవాళ్ళే వీళ్ళు, ఒక విధవరాలి గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు అడగలేకపోయారు. అయినా తీసిపారేయలేను, నాన్న పోయినప్పుడు నూరో నాటిదాకా మా ఇంట్లో సంత మాటెత్తినవాడు లేడు, ఆ మౌనం మాకు కప్పిన దుప్పటిలాగే ఉండింది, అప్పుడు హాయిగా కప్పుకున్నాను కదా.

ఒక్కటే చెప్పాను మర్సుదికి. ఎవరూ ఆ పేరు తెరవొద్దు. వెతకొద్దు. మాట్లాడొద్దు. ముద్ర తీరే రోజు ఉదయం ఏడు కొట్టేదాకా అది చచ్చిపోయిందనే అనుకోండి. అలాగే నక్, అలాగే అన్నాడు. మా వాళ్ళ అలాగేకు పదహారు అర్థాలుంటాయి, అందులో అలాగే అనేది చిట్టచివరిది. ఆయన పైకి వెళ్ళి ఏం చేశాడో నిన్న పిన్ని ఫోన్ చేసి మురిసిపోతూ చెప్పింది, పలూపి మన పేరు తిరిగి తెస్తోంది, దువా చేయండని ప్రార్థన తర్వాత మైకులో చెప్పాడట, పసుపన్నం వండారట, ఊరూరా ఆడామగా పిల్లాజెల్లా పొద్దునా సాయంత్రం ఫోన్ తీసి పేరు కొట్టి వచ్చిందా వచ్చిందా అని చూసుకుంటున్నారట. "అందరం చూస్తూనే ఉన్నామే, నీకు బలం ఉండాలని" అంది. వాళ్ళ ప్రేమ తగలెయ్య. వెయ్యి మంది ఒక్కసారిగా చచ్చిన పేరు తలుపు తడుతుంటే, లోకంలో ఎక్కడెక్కడి వేటగాళ్ళకూ ఏమనిపిస్తుంది, అబ్బో దీనికి ఇంకా ఎంత గిరాకీ ఉందో అనిపిస్తుంది. నాన్న కళ్ళు దించుకుని నిలబడి ఉంటే, వెనక నుంచి ఊరంతా అదే ఆవును చూపించి మా దళారీకి ఇదే కావాలి, ఇదే కావాలి అని కేకలు పెట్టినట్టుంది. కోపం వచ్చింది, ఆ వెంటనే, దేవుడా, నవ్వు కూడా వచ్చింది, ఆ తర్వాత తట్టింది, నేను పట్టిన ఏ పేరు కోసమూ ఎవరూ పసుపన్నం వండలేదు.

బడిపిల్లలు వెళ్తున్నారు, ఎర్ర లాగూలు, ఎర్ర టోపీలు, ఒకడు టోపీని బుట్టలా పట్టుకుని జామకాయలు మోస్తున్నాడు. పై ఊళ్ళలో ఇలాంటివాళ్ళకే నార్యోగారు బోర్డు మీద పేరు చదవడం నేర్పాడు, అమ్మానాన్నా దగ్గర లేకపోతే ఇది కొట్టండిరా, దారి చెబుతుందిరా అని. కొడతారు. రేపు కొండ గురగురమంటే కొడతారు, చక్రాలు తిరుగుతాయి, నాణాలు రాలతాయి. బోర్డుల మీద పేరు చెరిపేసి కొత్తది రాయించొచ్చు కదా అని అమ్మ అంది, ఆమెది సూటి బుర్ర. రాయించొచ్చు. పుస్తకాల్లో ఉన్నదాన్ని ఎవరు చెరుపుతారు, పిల్లల బుర్రల్లో ఉన్నదాన్ని, భయంతో చేతులు వణుకుతున్నప్పుడు ఆలోచించకుండా వేళ్ళు వెళ్ళే చోటును ఎవరు చెరుపుతారు.

ఫోన్ మోగింది, మా వేటగాళ్ళ గ్రూపు. ఆచెహ్ నుంచి పాపువా దాకా ఓ నలభై మందిమి ఉంటాం అందులో, ఒకరి కంచంలోది ఒకరు లాక్కునేవాళ్ళం, పొద్దున్నే ఒకరికొకరు శుభోదయం చెప్పుకునేవాళ్ళం. ఎవడో రాశాడు: ఇవాళ్టి కోడిపుంజు సువార లెరెంగ్, రెండు రోజుల్లో తట్టుళ్ళు చూశారా, దీని మీద ఎవరెవరున్నారు? కింద నిప్పు బొమ్మలు. ఎవరెవరున్నారంటే ఎవరూ చెప్పరు, అదీ మా మర్యాద, పేరు మీద కన్నేసినవాడు నిప్పు బొమ్మ కూడా పెట్టడు. పెట్టని వాళ్ళలో తెర్కెలిన్ ఉన్నాడు, కారో కొండల నుంచి వచ్చి మెదాన్‌లో ఉండే కుర్రాడు, కుర్రాడంటే ముప్ఫై అయిదేళ్ళు, నోరు పెద్దది, చెయ్యి అంతకంటే వేగం. నావి నాలుగు తలుపులైతే, అంటే పెద్ద ఆఫీసును అడగడానికి నాకున్నవి నాలుగు దారులైతే, వాడు అద్దెకు పట్టినవి అరవై. వాడు ఎవరికైనా పేర్లు పట్టి ఇస్తాడు, జూదగాళ్ళకు కూడా. కాక్ పలూపీ, అక్కా, నువ్వు కళాకారిణివి, నేను కసాయిని అంటాడు నవ్వుతూ. వాడు మౌనంగా ఉన్నాడంటే వాడి కత్తి బయటికి వచ్చిందన్నమాటే.

ఏడింటికి ఇంకా పావుగంట ఉంది. నా నియమం నాకు తెలుసు, కోరుకున్నదాని వంక చూడొద్దు. కానీ ఇప్పుడు ఎవరి నుంచి దాస్తున్నట్టు? అందరికీ తెలిసిపోయిన రహస్యాన్ని నేనొక్కదాన్నీ నోట్లో పెట్టుకుని కూర్చుంటే అది నేర్పు అనిపించుకుంటుందా? మర్సుది నూరు రోజులు నోరు మూసుకున్నాడని తిట్టుకున్నాను, నేను చేస్తున్నదేమిటి, అదే మొహమాటానికి నేను వృత్తి రహస్యమని పేరు పెట్టుకున్నాను, అంతే కదా తేడా. అడిగితే చులకన. పాము కూతురు వెళ్ళి నలభై మంది ముంగిసల ముందు చెయ్యి చాపడమా? ఇటు పక్కన అరటి మొక్క మీద నుంచి కొండ కనబడుతోంది, ఇవాళ శుభ్రంగా, పొగ చిన్న దారంలా. దాన్ని చూస్తూనే టైపు చేశాను, తిరిగి చదివితే పంపలేనని చదవకుండానే పంపాను.

"సువార లెరెంగ్ మీద నేనున్నాను. అమ్మకానికి కాదు. ఇది మా కొండ కింది ఊళ్ళవాళ్ళు ప్రాణం దక్కించుకునే పేరు, బోర్డుల మీద ఉంది, పిల్లలకు నోటికి వచ్చు. తట్టుళ్ళు గిరాకీ కాదు, మా వాళ్ళు బెంగతో తట్టినవి. నడిపినాయన చనిపోయాడు, మాకు అడగడం చేతకాక గడువు దాటింది. ఇది నాకు కావాలి. అడుగుతున్నాను."

చదివినవాళ్ళ గుర్తులు ఒక్కొక్కటే నీలం అవుతున్నాయి, పది, ఇరవై, ముప్ఫై, ఎవరూ ఏమీ రాయలేదు. రాయరు. నేనైనా రాసేదాన్ని కాదు. తెర్కెలిన్ గుర్తు కూడా నీలం అయింది. అమ్మ తెంపె పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, నా మొహం చూసి, అక్కడే గడప మీద కూర్చుంది. బయటి దేశాలవాళ్ళ యంత్రాలు మాత్రం ఈ గ్రూపులో లేవు, వాటికి కొండా తెలియదు, బోర్డూ తెలియదు, వాటిని ఎవరూ అడగలేరు. కాఫీ మడ్డి అడుక్కు దిగింది. నేను తాగలేదు.

ఏడు.

తెర మీద వరుసలు జలపాతంలా పడ్డాయి, లేదు, లేదు, లేదు, లేదు, అవి ఆగిన చోట నాది అన్న మాట కోసం చూశాను. లేదు. పేరు పోయింది. గాల్లో ఉన్న ఆ ఒక్క క్షణంలో ఎవరో తన్నుకుపోయారు. ఎవరి తలుపు నుంచో చూశాను, ఏదో పరాయి దేశపు దారి, దాని వెనక ఎవరున్నారో తెలియదు. నా యంత్రం ఇంకా వెర్రిబాగుల దానిలా ఖాళీయా ఖాళీయా అంటోంది, దాన్ని ఆపాలన్న తెలివి కూడా రాలేదు. పద్దెనిమిదేళ్ళ నేర్పు, పాము కూతురు, సింగపూర్ లాయరు, అన్నీ కలిసి ఒక పాల సీసాకు ఒప్పుకున్న పనిలో ఓడిపోయాయి. ఏడుపు వచ్చింది, దుఃఖంతో అని చెబితే అబద్ధం, మొదట వచ్చింది రోషంతో.

ఫోన్. తెర్కెలిన్.

"కాక్, ఏడుస్తున్నావా?"

"నోర్ముయ్. నువ్వా?"

"నేనే. అరవైలో నలభై రెండో తలుపు. నీ బండి ఇంకా అడుగుతూనే ఉంది, ఆపు, పాపం రొప్పుతోంది."

యంత్రాన్ని ఆపాను. చిక్కినవాడిదే పేరు, మా వేటకు అదొక్కటే చట్టం, దాన్ని పట్టుకునే ఇల్లు కట్టాను. అది నాకు వ్యతిరేకంగా తిరిగిందని ఇవాళ మార్చమంటే ఎలా?

"ఎవరి కోసం పట్టావు?"

"పది రోజులుగా ఒకాయన నా వెంట పడుతున్నాడు. చక్రాలాయన." వాడు గొంతు తగ్గించాడు. "నువ్వు రాసింది చదివి ఆపేద్దామనుకున్నా. ఆపితే నీకు దక్కేదా చెప్పు? నీ నాలుగు తలుపులకా? బయటివాళ్ళు ఎత్తుకెళ్ళేవాళ్ళు. అందుకే ఆపలేదు."

"అయితే?"

"అయితే ఏంటి, అడుగు. గ్రూపులో నలభై మందిని అడిగావు. నన్ను అడగలేదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు."

"తెర్కెలిన్, ఆ పేరు నాకు ఇవ్వు."

"ఇంకోసారి. రికార్డు చేసుకుంటా, మా ఆవిడకు వినిపించాలి, పలూపి నన్ను బతిమాలిందని చెబితే నమ్మదు."

"ఇవ్వరా దొంగవెధవా!"

పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "మా ఊరు సినాబుంగ్ అగ్నిపర్వతం కింద ఉండేది కాక్. ఇప్పుడు లేదు. మాకు బోర్డులు లేవు, పేరు లేదు, ఎటు పరిగెత్తాలో చెప్పినవాడు లేడు. మా మామయ్య పై వైపుకు పరిగెత్తాడు." నేను వాడితో పదేళ్ళుగా కొట్లాడుతున్నాను, వాడిది ఏ ఊరని ఒక్కసారి కూడా అనుకోలేదు. "చక్రాలాయనకు జారిపోయిందని చెబుతా. ఎవరి పేరున మార్చాలో చెప్పు. మళ్ళీ చచ్చినవాళ్ళ ఈమెయిల్ ఇవ్వకు."

ఎవరి పేరున? నోటి చివర నా పేరే వచ్చింది, ఎందుకు రాకూడదు, తెచ్చింది నేను, ఏటికేడు అద్దె మరిచిపోని మనిషిని ఈ జిల్లాలో నేనే. మర్సుది పేరున రాస్తే ఆయన ఎవరినీ నొప్పించకుండా దాన్ని మళ్ళీ చంపుతాడు. గంట కిందటైతే నాది అని రాసేసి ఉండేదాన్ని. నూరు రోజులుగా ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు. ఉండరా అని తెర్కెలిన్‌ను ఆపి, నేను పైకి ఫోన్ చేశాను. ఎత్తగానే వెనక పాలు బకెట్‌లో పడుతున్న చప్పుడు.

"బు లస్మీ, నేను పలూపిని, సంత దళారీ కూతుర్ని."

"తెలుసు నక్. చెప్పు."

"పేరు దొరికింది బు. మీ పేరున రాయనా అని అడగడానికి చేశాను. గడువు దగ్గరపడితే కబురు మీకే వస్తుంది."

పాల చప్పుడు ఆగింది. ఆవు ఒకటి కాలు మార్చుకున్నట్టుంది, గొలుసు కదిలింది.

"ఆయన పాస్‌వర్డు నాకు చెప్పే పోయాడు" అంది ఆమె. "ఆసుపత్రిలో, రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు కూడా. మూడో నాడు అడుగుతారనుకున్నా. ఏడో నాడు అనుకున్నా. వచ్చినవాళ్ళంతా తిన్నారు, నార్యో బంగారంలాంటి మనిషి అన్నారు, వెళ్ళిపోయారు. నా ఫోన్లో కూడా పేజీ ఆరిపోయింది, పెద్దవాళ్ళు చూసుకుంటున్నారు కాబోలు అనుకున్నా. నాకు నేనుగా చెబితే, మొగుడు పోయి వారం కాలేదు, అప్పుడే పెత్తనానికి వచ్చిందంటారు కదా."

ఇంత వేట, ఇన్ని తలుపులు, ఇన్ని తట్టుళ్ళు, అసలు తాళం ఈమె ఒక పాక గుమ్మంలో నూరు రోజులు చేతిలో పట్టుకుని కూర్చుంది. జాలిపడబోయాను, ఆమె పడనివ్వలేదు.

"రాయి నక్. నా పేరు పూర్తిగా రాయి, లస్మియాతి అని. నార్యో భార్య అని రాయకు. బోర్డుల మీద ఆ తెల్ల అక్షరాలు ఎవరు రాశారనుకున్నావు? ఆయన చేతిరాత చూశావా ఎప్పుడైనా, కోడి గీకినట్టుండేది." ఆ గొంతులో ఏడుపు లేదు, సంతలో తన ఆవును తానే తోలుకొచ్చిన మనిషి గొంతు అది. నా రోషం సంగతి అప్పటికప్పుడే మరిచిపోయాను, ఆ బోర్డుల కింద నుంచి ఇన్నేళ్ళు నడిచినందుకు నాకే గొప్పగా అనిపించింది. "మళ్ళీ గడువు ఎప్పుడు?"

చెప్పాను. గోడ మీద బొగ్గు గీసిన చప్పుడు వినబడింది, మెల్లగా, అంకె తర్వాత అంకె.

"పాక గోడ మీద రాశాను" అంది. "ఆవులు ఈనే తారీకుల పక్కన. ఇక్కడ రాసింది ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు."